ముందు ఎవరి పెట్టె తెరుస్తారు?

(తిరువూరులో జరిగిన ఆదివాసీ యువత సమావేశంలో చేసిన ప్రసంగానికి రాత రూపం)



ఈ విషయం ఇక్కడ మాట్లాడొద్దని నిన్న రాత్రి ఇద్దరు పెద్దలు ఫోన్ చేసి చెప్పారు. "మనింటి సంగతి బజార్లో ఎందుకు బాబూ" అన్నారు. వాళ్లంటే నాకు గౌరవం ఉంది. అయినా మాట్లాడతా, ఎందుకో చివర్లో మీకే తెలుస్తుంది.

ముందు నా పెట్టె కథ. మీలో చాలామంది విన్నదే. డిగ్రీ రెండో ఏడు హాస్టల్లో ఒకడి పర్సు పోయింది. గదిలో ఆరుగురం. ఎవరూ నా పేరు ఎత్తలేదు. ఎత్తాల్సిన పని లేకుండానే అందరి చూపూ నా వైపు తిరిగింది. నాకొక ప్రాణ స్నేహితుడు ఉన్నాడు. పొలం, పుట్ర ఉన్న ఇల్లు. పండక్కి ఇంటికి పోతే నాకోసం విడిగా అరిసెలు కట్టించుకొచ్చేవాడు. వాడు నన్ను పక్కకి తీసుకెళ్లి మెల్లగా అన్నాడు: "ఒరే, నువ్వు తీయలేదని నాకు తెలుసు. ఒకసారి నీ పెట్టె తెరిచి చూపించరా, వీళ్ల నోళ్లు మూతపడతాయి." నేనే నా చేత్తో తాళం తీశాను. రెండు చొక్కాలు, మా అమ్మ పెట్టిన పచ్చడి సీసా, క్యాస్ట్ సర్టిఫికెట్ జిరాక్సులు ఒక కట్ట. అంతే. సాయంత్రానికి పర్సు బాత్రూం కిటికీలో దొరికింది. మావాడు సంతోషంగా నా భుజం తట్టి, "చూశావా, నీ మీద మచ్చ పోయింది" అన్నాడు.

మిగతా నలుగురి పెట్టెలూ ఎవరూ తెరవలేదు. మావాడి పెట్టె కూడా. ఆ సంగతి వాడికి ఇప్పటికీ తట్టలేదు. ఇప్పటికీ వాడు నా స్నేహితుడే, నిన్న కూడా ఫోన్ చేశాడు. వాడు చెడ్డోడని నేను అనను. చెడ్డోడైతే నాకు పని తేలికయ్యేది, తిట్టేసి ఊరుకునేవాణ్ణి.

మేము ఎరుకలోళ్లం. మా నాయనమ్మ బుట్ట చంకన పెట్టుకుని ఊరూరా ఎరుక చెప్పేది. రేపు ఏం జరుగుతుందో ఆమెని అడిగేవాళ్లు. ఆమె గుమ్మం దాటాక చెంబులు లెక్కపెట్టుకునేవాళ్లు. ఈ లెక్క ఊరికే రాలేదు. ఒకప్పుడు మావాళ్లు ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని వర్తకం చేసినవాళ్లు. రైలు వచ్చింది, ఉప్పు మీద తెల్లోడి పెత్తనం వచ్చింది, వర్తకం పోయింది. బతుకు పోయినోళ్లని దొంగలన్నారు. 1871లో తెచ్చిన నేరస్త తెగల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా తెచ్చారు. పుట్టుకతోనే దొంగ. రిజిస్టర్లో పేరు, పోలీసు ముందు హాజరు. స్టూవర్టుపురం అలా పుట్టిన సెటిల్‌మెంటే. దేశమంతటా ఆ చట్టం 1952 ఆగస్టు 31న పోయింది. కానీ కొన్ని రాష్ట్రాల జైలు మాన్యువళ్లలో ఆ వాసన మిగిలే ఉంది. విముక్త జాతుల్ని అలవాటు పడ్డ నేరస్తులుగా చూసే ఆ రాతల్ని సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 3న కొట్టేసింది. 2024లో, తమ్ముళ్లూ! కాబట్టి మా హాస్టల్ కుర్రాళ్ల చూపు నా పెట్టె మీద పడిందంటే అది వాళ్ల సొంత తెలివేం కాదు.

ఇంతవరకు నేను చెప్తే మీరు చప్పట్లు కొడతారు. నాలుగు మీటింగుల్లో కొట్టారు కూడా. ఇప్పుడు రెండో పెట్టె.

ఎ.కొండూరు తండాల్లో కిడ్నీ జబ్బు సంగతి ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. డయాలసిస్‌కి పోయేవాళ్ల దారి ఖర్చులకి మనం తలా కొంత వేసుకుని డబ్బు పోగుచేస్తున్నాం. మొదటి రెండేళ్లు ఆ డబ్బు ఒక అన్న దగ్గర ఉండేది. మంచి మనిషి, నేనేం అనడంలేదు. కానీ ఒక్క బిల్లు అడిగామా? "అన్న చెప్పాడంటే అంతే" అనుకున్నాం. ఆ తర్వాత ఒక చెల్లి ఆ పని తీసుకుంది. తండా పిల్ల, డిగ్రీ చదివింది, లెక్కల్లో మనకంటే గట్టిది. మూడో నెల తిరక్కుండానే గ్రూపులో మెసేజ్: "లెక్కలు పెట్టాలి." ఒకరి తర్వాత ఒకరు బొటనవేలు గుర్తు పెట్టారు. నేనేం చేశానో తెలుసా? ఆమెకి ఫోన్ చేసి, "అమ్మా, నువ్వేం తీయలేదని నాకు తెలుసు, ఒకసారి చూపించేయ్, నోళ్లు మూతపడతాయి" అన్నాను.

అవే మాటలు. నోట్లోంచి వచ్చేటప్పుడు నాకు తెలియనే తెలియదు.

ఆమె నోటుబుక్కు తెచ్చింది. బస్సు టికెట్లు పేజీకి పిన్ను కొట్టి ఉన్నాయి. ఆటో వాళ్లు రసీదు ఇవ్వరు కాబట్టి తేదీ, టైము, ఎవరితో పోయిందో రాసుకుంది. రూపాయి తేడా లేదు. అప్పుడైనా ఊరుకున్నామా? ఒకాయన పేజీ తిప్పుతూ, "రాత్రి తొమ్మిదిన్నరకి విజయవాడ నుంచి ఎవరి బండి మీద వచ్చావమ్మా?" అని అడిగాడు. అది లెక్కల ప్రశ్నా? మేం మగపిల్లలం అర్ధరాత్రి పన్నెండింటికి వచ్చినా అడిగినవాడు లేడు. టీ తాగించినవాళ్లే ఉన్నారు.

మీటింగు అయ్యాక ఆమె నా దగ్గరికొచ్చి అంది: "అన్నా, నీ పెట్టె కథ నాలుగుసార్లు విన్నా. నాలుగుసార్లూ ఏడుపొచ్చింది. మరి ఇవాళ మీరు తెరిపించిందేంటి?"

నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు ఇంటికెళ్లి అన్నం తినలేదు అని చెప్తే గొప్పగా ఉంటుంది గానీ, తిన్నాను. నిద్ర మాత్రం పట్టలేదు.

పెగ్గీ మెకింటాష్ అని అమెరికాలో ఒక తెల్ల ప్రొఫెసరమ్మ ఉంది. ఆడవాళ్లు వెనకబడ్డారని ఒప్పుకునే మగవాళ్లు, దానివల్ల తమకి లాభం ఉందని మాత్రం ఎందుకు ఒప్పుకోరు అని ఆలోచిస్తూ కూచుంది. ఆలోచిస్తుంటే తను తెల్లమనిషి కావడం వల్ల తనకీ అలాంటి లాభమే ఉందని తట్టింది. వెనకాల ఎవరూ కాపలా రాకుండా దుకాణంలో తిరగడం లాంటివన్నీ జాబితా రాసింది, 1989లో అచ్చయింది. ఆమె ఆడమనిషిగా తన దెబ్బ నుంచి బయల్దేరి తన రంగు దాకా వచ్చింది. నేను ఎరుకలోడిగా నా దెబ్బ నుంచి బయల్దేరి మగాడి దగ్గర ఆగాను. తేడా ఏంటంటే ఆమెకి తనకే తట్టింది, నాకు ఒక చెల్లి చెప్తే గానీ తట్టలేదు.

ఇది మన కమిటీ ఒక్కదాని సంగతి కాదు. పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్లవి. సంతకం ఆమెది, కుర్చీలో ఆయన. చెక్కులో తేడా వస్తే నోటీసు మాత్రం ఆమె పేరు మీదే వస్తుంది. ఇంకా పెద్దది వాకపల్లి. 2007 ఆగస్టు 20న విశాఖ మన్యంలో 11 మంది కోందు ఆడవాళ్లు, కూంబింగ్‌కి వచ్చిన పోలీసులు మా మీద అత్యాచారం చేశారు అన్నారు. ఆ రోజు నుంచి సోదా అంతా వాళ్ల మాట మీదే. ఎవరు చెప్పమన్నారు, ఎవరు నేర్పారు, ఇన్నాళ్లు ఎందుకు ఆగారు? 2023 ఏప్రిల్ 6న కోర్టు పోలీసుల్ని వదిలేసింది. అదే తీర్పులో దర్యాప్తు సరిగా చేయలేదని చెప్పింది, ఆ ఆడవాళ్లకి పరిహారం ఇమ్మంది. అంటే పదిహేనేళ్ల పైగా ఆడవాళ్ల పెట్టె తెరిచి చూసినవాళ్లు, అవతలి పెట్టె సరిగ్గా తెరవలేదన్నమాట. మనం వాకపల్లి కోసం ధర్నాల్లో కూచున్నాం. అక్కడ ఆ తల్లుల మాట నమ్మాలని అరిచి, ఇక్కడ మన చెల్లిని ఎవరి బండి అని అడిగాం.

కొందరు అంటారు, "అయితే ఆడపిల్లని లెక్క అడగకూడదా?" అడగాలి. జనం డబ్బు అది. మా చెల్లి కూడా అడగొద్దని అనలేదు. ముందున్న అన్నని రెండేళ్లు ఎందుకు అడగలేదన్నదే ఆమె ప్రశ్న. ఇంకొందరి భయం వేరే, "బయటోళ్లు వింటే, చూశారా, వీళ్ల మగోళ్లు కూడా ఇంతే అంటారు" అని. అంటారు. మన మీద అనడానికి వాళ్లకి కొత్త కారణం ఎప్పుడు కావాల్సి వచ్చింది? ఆ భయంతో ఆమె నోరు నొక్కితే, మన పరువు మోసే కూలీ మళ్లీ ఆమెదే అవుతుంది.

ఆమె ఇవాళ సభకి రాలేదు. పిలిచాను. "నువ్వు ముందు చెప్పు, తర్వాత చూద్దాం" అంది. ఈ కథ చెప్పడానికి ఒప్పుకుంది, పేరు చెప్పొద్దంది. బుక్కు మాత్రం పంపింది. బయట టీ బల్ల దగ్గర పెట్టాం. దాని పక్కన ఇంకో బుక్కు ఉంది, అది నాది. పోయిన రెండేళ్లలో కమిటీ డబ్బుతో నేను తిరిగిన తిరుగుళ్లు, గుర్తున్నంత వరకు రాశాను. మూడు చోట్ల 'గుర్తులేదు' అని ఉంటుంది. మొత్తం 2,350 రూపాయలు, అది నెలాఖరులోపు కడతాను. మిగతా అన్నల బుక్కులు ఇంకా రాలేదు. టీ తాగేటప్పుడు ముందు నాది తిప్పండి, ఏ రాత్రి ఎవరి బండి మీద వచ్చానో కూడా అడగండి.