పట్టా పుచ్చుకొన్న తరువాత

విశ్వవిద్యాలయంలో చదువు ముగించుకొని వెళ్లినవారిని కొంతకాలానికి తిరిగి పిలిచి, వేదికపై కూర్చుండబెట్టి సన్మానించే ఆచారం అనేక దేశాలలో ఉన్నది. నేను చదువుకొన్న చోట జరిగిన అట్టి సభకు ఒకమారు వెళ్లాను. ఒక్కొక్కరి పేరు, ఆ పేరు వెనుక వారు నిర్వహించిన పదవుల పట్టిక చదివారు. దండలు వేశారు, శాలువలు కప్పారు. ఆ పెద్దల చదువువల్ల వారి వీధివారికి, ఊరివారికి ఒనగూడిన మేలేమిటో మాత్రం ఎవరూ చెప్పలేదు. బహుశా వ్యవధి చాలక పోయి ఉంటుంది. ఆ సాయంకాలం నాకు జ్ఞప్తికి వచ్చినది అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయం. అక్కడ చదివిన కొందరు నల్లజాతి పట్టభద్రులను గూర్చి ఈ పూట మీతో ముచ్చటిస్తాను.

ఆ విశ్వవిద్యాలయం పేరు హోవర్డు. రేడియోలో వింటున్నవారికి ఇది హార్వర్డు వలె వినిపించవచ్చు. అది వేరు, ఇది వేరు. అమెరికా అంతర్యుద్ధం ముగిసి, బానిసలకు విముక్తి కలిగిన రెండేళ్లకు, 1867 మార్చి 2న, వాషింగ్టను నగరంలో హోవర్డుకు అధికార పత్రం లభించింది. ఆ యుద్ధంలో పాల్గొన్న ఆలివర్ ఓటిస్ హోవర్డు అనే సేనాని పేరే దానికి పెట్టారు. ఏటా మార్చి నెలలో ఆ పత్రం పుట్టినరోజు జరిపి, పూర్వ విద్యార్థులను గౌరవించడం అక్కడి సంప్రదాయం.

గౌరవించవలసినవారికి కొదువ లేదు. షార్లెట్ రే అనే యువతి 1872లోనే హోవర్డులో న్యాయశాస్త్ర పట్టా పొంది, అమెరికాలో మొదటి నల్లజాతి మహిళా న్యాయవాది అయింది. అయితే ఆమె వద్దకు కక్షిదారులు తగినంతమంది రాలేదు. రంగు ఒక అడ్డంకి, స్త్రీ కావడం రెండవది. చివరకు ఆమె బడిపంతులమ్మగా జీవించవలసి వచ్చింది. పట్టా ఇచ్చినంత మాత్రాన లోకం దారి ఇవ్వదని హోవర్డుకు తొలినాళ్లలోనే తెలిసివచ్చింది.

ఆ దారి వేయడానికి పూనుకొన్నవాడు చార్లెస్ హ్యామిల్టన్ హ్యూస్టన్. ఈయన హోవర్డు విద్యార్థి కాడు, గురువు. హార్వర్డులో న్యాయశాస్త్రం చదివి 1929లో హోవర్డు న్యాయ కళాశాల బాధ్యత స్వీకరించాడు. ఆయనకు అండగా నిలిచినవాడు మోర్డెకాయ్ జాన్సన్. 1926లో హోవర్డుకు అధ్యక్షుడైన మొదటి నల్లజాతీయుడు. ఈ జాన్సన్‌కు మన దేశంతో చుట్టరికం ఉన్నది. ఆయన 1949లో భారతదేశానికి వచ్చి వెళ్లాడు. గాంధీజీని గూర్చి 1950లో ఫిలడెల్ఫియాలో ఆయన చేసిన ప్రసంగం విన్న యువకులలో మార్టిన్ లూథర్ కింగ్ ఒకడు. ఆ ప్రసంగం విని వెలుపలికి వచ్చి గాంధీజీని గూర్చిన గ్రంథాలు కొన్నానని కింగ్ తరువాత వ్రాసుకొన్నాడు. 1959లో కింగ్ మన దేశానికి వచ్చి, తిరుగు ప్రయాణానికి ముందు వీడ్కోలు సందేశం వినిపించినది ఆకాశవాణి ద్వారానే. మాబోటి రేడియో ఉద్యోగులకు ఇది చెప్పుకోదగిన సంగతి కనుక దారి తప్పినా చెప్పాను, మన్నించండి.

హ్యూస్టన్ రాకపూర్వం హోవర్డు న్యాయ కళాశాల సాయంకాలపు బడి. పగలంతా కొలువులు చేసుకొనేవారు పొద్దు గూకాక వచ్చి చదివేవారు. దానిని ఆయన పగటి కళాశాలగా మార్చివేశాడు. పేదవారి నోటి ముందరి కూడు తీసివేశారని పలువురు నొచ్చుకొన్నారు. ఆ ఆక్షేపణను తేలికగా కొట్టివేయలేము. కాని ఆయన ఎంచిన లక్ష్యం వేరు. న్యాయవాది సమాజాన్ని బాగుచేసే ఇంజనీరు వంటివాడు కావాలి, కానినాడు దానిపై బ్రతికే పరాన్నజీవి అవుతాడని శిష్యులకు బోధించేవాడు. 1931లో న్యాయవాదుల జాతీయ సంఘం గుర్తింపు లభించింది. విద్యార్థులు ఆయనకు చాటుగా పెట్టుకొన్న పేరు ‘ఇనుప జోళ్లు’. 1933 తరగతిలో చేరినవారిలో సగానికి పైగా మధ్యలోనే మానుకొన్నారు. నిలిచినవారిలో మొదటివాడు థర్గుడ్ మార్షల్, రెండవవాడు ఆలివర్ హిల్.

మార్షల్ స్వస్థలం బాల్టిమోరు. ఊళ్లోనే మేరీలాండు విశ్వవిద్యాలయపు న్యాయ కళాశాల ఉన్నది; నల్లవారికి అందులో ప్రవేశం లేదు. కావున ఆయన దినదినమూ నలభై మైళ్ల రైలు ప్రయాణం చేసి వాషింగ్టనుకు పోయి చదివాడు. తల్లి బడిపంతులమ్మ. కొడుకు జీతం కట్టడానికి తన పెండ్లి ఉంగరాలు కుదువపెట్టింది. పుస్తెలమ్మి చదివించిన తల్లులు మన వైపున కూడా కలరు కనుక దీనికి వ్యాఖ్య అనవసరం.

పట్టా పుచ్చుకొన్న రెండేళ్లకే, 1935లో, మార్షల్ తన గురువుతో కలసి ఆ మేరీలాండు కళాశాల పైననే దావా నడిపాడు. డొనాల్డ్ మరే అనే నల్లజాతి విద్యార్థిని చేర్చుకొనవలసిందని న్యాయస్థానం ఆదేశించింది. 1936 జనవరిలో పై న్యాయస్థానం ఆ తీర్పును ఖాయపరచింది. ‘వేరుగా ఉన్నా సమానమే’ అన్న 1896 నాటి సిద్ధాంతం గోడకు పడిన తొలి పగుళ్లలో ఇది ఒకటి.

మార్షల్ కీర్తి అందరూ ఎరిగినదే. సుప్రీం కోర్టు ముందు 32 వ్యాజ్యాలు వాదించి 29 గెలిచాడు. 1967లో ఆ న్యాయస్థానంలోనే మొదటి నల్లజాతి న్యాయమూర్తి అయి 1991 వరకు కొనసాగాడు. నాకు మాత్రం ఆ తరగతిలో రెండవ స్థానం పొందిన హిల్ మీద మక్కువ ఎక్కువ.

హిల్ తన వర్జీనియా రాష్ట్రానికి వెళ్లిపోయాడు. అక్కడ సమాన విద్యార్హతలున్నా నల్లజాతి ఉపాధ్యాయులకు తెల్లవారి కంటె తక్కువ జీతం ముట్టేది. నార్ఫోక్ పట్టణపు ఉపాధ్యాయుల పక్షాన మార్షల్ మొదలైనవారితో కలసి వాదించి 1940లో ఆ భేదం చెల్లదనిపించారు. ఇది పత్రికలలో పెద్ద అక్షరాలకెక్కే విషయం కాకపోవచ్చు. ఆ ఉపాధ్యాయుల ఇండ్లలో మాత్రం నెలనెలా తెలిసేది.

1951 ఏప్రిల్ 23న అదే రాష్ట్రంలోని ఫార్మ్‌విల్ ఊళ్లో నల్లజాతి పిల్లల ఉన్నత పాఠశాల సమ్మె కట్టింది. 180 మంది కోసం కట్టిన బడిలో 450 మందికి పైగా చదువుతున్నారు. మిగిలినవారికి తారు కాగితం కప్పిన పాకలే తరగతి గదులు. నాయకురాలు బార్బరా జాన్స్ వయస్సు పదహారేళ్లు. పిల్లలు హిల్‌కు, ఆయన సహచరుడు స్పాట్స్‌వుడ్ రాబిన్సన్‌కు ఉత్తరం వ్రాశారు. రాబిన్సనూ హోవర్డు పట్టభద్రుడే. వారిద్దరూ పిల్లలకు నచ్చజెప్పి బడికి పంపివేయవలెననే ఉద్దేశంతోనే వచ్చారు. వచ్చి, వారి పట్టుదల చూచి మనసు మార్చుకొన్నారు. కొత్త భవనం కోసమైతే కాదు, వేరు బడుల పద్ధతినే ఎదిరించేటట్లయితే, అదీ తల్లిదండ్రులు సమ్మతిస్తే, వాదిస్తామన్నారు. సమ్మతించారు. 1954 మే 17న సుప్రీం కోర్టు ఏకగ్రీవంగా వేరు బడులు రాజ్యాంగ విరుద్ధమని ప్రకటించినప్పుడు, ఆ తీర్పులో కలిసిన అయిదు వ్యాజ్యాలలో ఈ పిల్లలదీ ఒకటి.

తీర్పుతో కథ ముగియలేదు. కలిపి చదివించడం ఇష్టం లేక ఆ జిల్లా అధికారులు 1959లో ప్రభుత్వ పాఠశాలలన్నింటినీ మూసివేశారు. తెల్లవారు ప్రైవేటు బడి పెట్టుకొన్నారు. నల్లజాతి పిల్లలలో అనేకులకు 1964 వరకు బడి అన్నదే లేదు. గెలిచిన పక్షమే ఇంత మూల్యం చెల్లించవలసి వచ్చింది. హిల్ ఇంటి ముందు శిలువను తగులబెట్టి బెదిరించారు. ఆయన ఊరు విడువలేదు. నూరేళ్లు జీవించి 2007లో కన్నుమూశాడు.

మరొకరిని స్మరించకపోతే లోపమవుతుంది. పాలీ మరే 1944లో హోవర్డు న్యాయ తరగతిలో ప్రథమురాలు. ఆ తరగతిలో స్త్రీ ఆమె ఒక్కతే. ‘వేరుగా ఉన్నా సమానమే’ అన్న సూత్రాన్ని ముక్కుసూటిగా ఎదిరించవచ్చునని ఆమె అంటే తోటివారు నవ్వారు. అదే వాదంతో ఆమె గురువుకు ఒక వ్యాసం వ్రాసి ఇచ్చింది. ఏళ్లు గడిచాక ఆ వ్యాసాన్ని రాబిన్సన్ బయటికి తీసి, 1954 నాటి వ్యాజ్యానికి సిద్ధమయ్యేటప్పుడు ఉపయోగించుకొన్నాడు. ఈ సంగతి ఆమెకు అప్పట్లో ఎవరూ చెప్పలేదు. పై చదువుకు హార్వర్డుకు దరఖాస్తు పెడితే, స్త్రీ అన్న కారణంతో వారు త్రోసిపుచ్చారు.

హ్యూస్టన్ 1950లోనే మరణించాడు. పెద్ద తీర్పు వినలేదు. మార్షల్ నాడు చేరలేకపోయిన ఆ మేరీలాండు న్యాయ కళాశాల గ్రంథాలయానికి 1980లో ఆయన పేరే పెట్టారు.