ఫలించని గుడ్లమూట
(మా సంఘం నగరం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అమెరికా విశేషాలు చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. అక్కడి మేడలు, రోడ్ల సంగతి ఇదివరకు వెళ్లివచ్చిన మిత్రులు చెప్పనే చెప్పారు. నేను ఒక సాలెపురుగు సంగతి మనవి చేస్తాను.

డల్లాస్‌లో మా మనుమడు గాజుపెట్టెలో ఒక ఆడ సాలెపురుగును పెంచుతున్నాడు. కాళ్లు చాపితే అరచేయంత ఉంటుంది. ఒళ్లంతా నెమలికంఠం రంగు. జాతి పేరు అడిగితే “గూటీ” అన్నాడు. తీరా చూస్తే అది మన అనంతపురం వైపు గుత్తి! అక్కడి రైల్వే కలప యార్డులో దొరికిన దానిని పరిశీలించి పోకాక్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1899లో ఈ జాతిని లోకానికి తెలియజేశాడు. తరువాత వందేళ్లకు, 2001లో, నంద్యాల–గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనబడింది. చెట్టు తొర్రలే దాని ఇల్లు. చెట్లు నరకడం వల్ల అంతరించే స్థితికి వచ్చింది. అందుచేత 2019 నుంచి దేశాల మధ్య దీని వ్యాపారంపై నియంత్రణ ఉంది. మావాడిది అడవిలో పట్టినది కాదు, పెంపకంలో పుట్టినదే.

నేను వెళ్లిన రెండో వారంలో అది పట్టుతో తెల్లటి మూట అల్లి, గుడ్లు పెట్టి, కాళ్లతో పొదివి పట్టుకుంది. మావాడు గంతులేశాడు. కానీ దానికి మగజోడు ఎన్నడూ లేదు. పుంజు లేని పెట్ట గుడ్డు పెట్టినట్టే. ఆ గుడ్లు పిల్లలు కావు.

మూట తీసేద్దామన్నాడు మావాడు. అమ్మినాయనకు ఫోను చేస్తే వద్దన్నాడట. పెట్టె కదపవద్దు, చెయ్యి పెట్టవద్దు. కరిస్తే కండరాలు పట్టేసి చాలా బాధపడాలి. గిన్నెలో నీళ్లు మాత్రం ఉంచాలి. అది మూట వదిలేసి, బూజు పడితే అప్పుడు పొడుగు పట్టుకారుతో తీయాలి. అంతే.

పంతొమ్మిదో రోజు పొద్దున మూట లేదు. అదే తినేసింది. వాటికది సహజమేనట, పోయిన బలం కొంత తిరిగి వస్తుంది. మావాడు మాత్రం ఏడ్చాడు. పొట్ట వడలిపోయి ఉంది. నాలుగు రోజులాగి చిన్న కీచురాయిని వేశాడు. ముట్టకపోతే తెల్లవారి తీసేశాడు. మళ్లీ రెండు రోజులకు వేస్తే తింది. నెల తిరిగేసరికి తేరుకుంది.

ఆ రోజుల్లో ఒకసారి “తాతయ్యా, పిల్లలే రానప్పుడు దీనికింత చెయ్యాలా?” అని అడిగాడు. నాకు మాట తోచలేదు. పక్కన వత్తులు చేసుకుంటున్న మా ఆవిడ అంది: “పిల్లలు రాకపోతే మాత్రం, అది పడ్డ కష్టం పడలేదట్రా?”

మిత్రులారా, 1979లో మా ఆవిడకు ఐదో నెలలో కడుపు పోయింది. అప్పుడు నేను ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో గుమాస్తాను. గర్భస్రావానికి ఆరు వారాల సెలవు అని మా ఆఫీసు టైపిస్టు ఫైలుపై నోట్ రాసిన చెయ్యి ఇదే. మా ఇంట్లో మాత్రం ఐదో రోజున ఆమె నూతిలో నీళ్లు తోడుతోంది. బిడ్డే లేనప్పుడు బాలింతరికమేమిటి అన్నారు పెద్దలు. నేను కాఫీ తాగి ఆఫీసుకు వెళ్లిపోయాను. ఆ తరువాత ఆ ఊసే ఎత్తలేదు.

డల్లాస్‌లో ఆ రాత్రి ఎత్తాను. “ఇన్నాళ్లకు గుర్తొచ్చిందా?” అని అటు తిరిగి పడుకుంది. ఇంకేమీ అనలేదు. మర్నాటి నుంచి కాఫీ నేనే కలుపుతున్నాను. బాగుండదు గాని తాగుతోంది.

మన ఇళ్లలో కూతుళ్లు, కోడళ్లు ఉన్నారు. ఎవరికైనా ఇలాంటి కష్టం వస్తే ఆరాలు వద్దు, ఓదార్పు ఉపన్యాసాలు వద్దు. వేళకు తిండి, నీళ్లు, కాస్త నెమ్మది ఇవ్వండి. అర్జీ వచ్చేదాకా ఆగకుండా ఆ సెలవు మంజూరు చేయవలసిందిగా కోరుతూ ముగిస్తున్నాను.