మేము పెంచిన కుక్కలు

కుక్కలను గూర్చి పదిహేను నిమిషములు మాటలాడుటకు మేము సిద్ధపడుచుండగా, "అంతసేపు చెప్పుటకు ఏమున్నది?" అని మా యింటివారు నవ్విరి. నవ్వినవారే, మేము కాగితము తీసికొని కూర్చుండగానే, ఒక్కొక్కరుగా వచ్చి "సీజరు బల్లికి జడిసిన సంగతి వ్రాసితిరా?", "గవ్వ చేప తెచ్చిన కథ మరువకండి" అని జ్ఞాపకము చేయసాగిరి. కుక్కను పెంచిన యింట ఇట్లే జరుగును. పెద్దల తిథులకై పంచాంగము వెదకువారు సైతము, తమ కుక్క ఏ నెలలో, ఏ వేళ పోయినదో తడుముకొనక చెప్పగలరు.

మన భాషలో కుక్కకు గల గౌరవము అంతంతమాత్రమే. కోపము వచ్చినచో తిట్టుటకు కుక్క కావలెను. దాని తోక వంకర, దాని కాటుకు చెప్పుదెబ్బ. గ్రామసింహమను బిరుదొకటి కలదు గాని, అది మన్ననతో ఇచ్చినది కాదని వినువారికే తెలియును. అయినను ఆంధ్ర మహాభారతమును విప్పినచో, నన్నయభట్టు ఆదిపర్వము మొదటి ఆశ్వాసముననే మనకు ఎదురగునది ఒక కుక్కపిల్ల. జనమేజయుడు యాగము చేయుచున్న చోట ఆడుకొనుచుండిన ఆ పిల్లను రాజు తమ్ములు నిష్కారణముగా కొట్టిరి. అది ఏడ్చుచు పోయి తల్లియైన సరమతో చెప్పుకొనెను. ఆ దేవశుని రాజు కడకే వచ్చి, తప్పు చేయని బిడ్డను కొట్టుట న్యాయమా యని నిలదీసెను. సారమేయమను మాట మనకు ఆ తల్లి పేరునుండియే వచ్చినది.

మా స్వగ్రామము కొల్లేటి ఒడ్డున ఉన్నది. కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ బుడమేరును తమ్మిలేరును తెచ్చిపోయు నీటితో నిండి, ఉప్పుటేరు వెంట సముద్రమునకు దారి తీయు మంచినీటి సరస్సు అది. మా చిన్నతనమున, వరికోతలై కుప్పలు లేచిన పిమ్మట, బాతుల మందలు ఊరి పొలములలోనికి దిగెడివి. రాలిన గింజలను, నత్తలను, పురుగులను ఏరుకొనుచు మడినుండి మడికి సాగెడివి. రాత్రివేళ కాపరులు గట్టుమీద తడికలు చుట్టి వానిని లోపల ఉంచెడివారు. బాతు వేకువజామున గ్రుడ్డు పెట్టును గనుక, తెల్లవారునప్పటికి గంపలు నిండెడివి. వందలకొలది బాతులకు ఇద్దరు మనుష్యులు, ఒక కుక్క. ఆ కుక్క లేనిచో ఆ ఇద్దరివలన అయ్యెడి పని కాదు.

ఆ కుక్కను జోనంగి యందురు. తీరాంధ్రమున పుట్టి పెరిగిన జాతి అది. వెంట్రుకలు మిక్కిలి పొట్టివి. మేనికి నూనె రాచినట్లుండును. నొసట ముడతలు పడి, ఎల్లప్పుడు ఏదో లెక్క తప్పి మరల లెక్కించుకొనుచున్నట్లు కనబడును. ఇతర కుక్కలవలె మొరుగుట అరుదు. గొంతును ఎత్తి, విరిచి, దించి ఒక వింత రాగము తీయును. నేలలో గొయ్యి త్రవ్వుకొని అందు పండుకొనును. లోతు లేని నీటిలో కదలక నిలిచి చేపను పట్టును. ఒక్క మనిషిని, లేదా ఒక్క ఇంటిని మాత్రమే నమ్ముకొనును. ఈ చివరి గుణము మంచిదో చెడ్డదో నేటికిని మేము తేల్చుకొనలేకున్నాము.

1966 సంక్రాంతి వెళ్లిన తరువాత ఒక కాపరి మా వాకిటికి వచ్చి, కాలికి ముల్లు దిగి కుంటుచున్న పిల్లనొకదానిని దింపి, "మందతో నడవలేదండి బాబుగారూ, మీ యింట ఉంచుకోండి" అని మా నాయనగారితో చెప్పెను. లేత పసుపు కలసిన తెలుపు రంగు. వీపు నున్నగా మెరయుచుండెను. మా చెల్లెలు దానికి గవ్వ యని పేరు పెట్టెను. దాని తల్లి పేరేమియో, ఆ కాపరి ఏ ఊరివాడో మేము అడుగలేదు. అడుగవలెనని ఎవ్వరికిని తోచలేదు.

మా మామ్మ మడి ఆచారము కలది. గవ్వ గడప దాటరాదని మొదటి దినముననే శాసనము చేసెను. గవ్వయు దాటలేదు. కాని మరుసటి యేటి భోగినాడు, మామ్మ వాకిట పెద్ద ముగ్గు వేసి లోనికి పోయి వచ్చునంతలో, ఆ ముగ్గు నడుమ ప్రాణముతో ఎగురుచున్న కొర్రమీను నొకదానిని తెచ్చిపెట్టి, ప్రక్కన కూర్చుండి, నొసలు ముడిచి ఆమె వంక చూచుచుండెను. ఇల్లెల్ల గుమిగూడెను. దెబ్బలు తప్పవని మేము బిక్కచచ్చి నిలిచితిమి. మామ్మ చాలసేపు చూచి, "నీ తిండి నాకు పెడుతున్నావుటే!" అని, మరల స్నానమునకు పోయెను. ఆ నాటినుండి తాను విస్తరి ముందు కూర్చుండుటకు ముందు దానికి పప్పన్నము ముద్ద తన చేతితోనే వేయుచు వచ్చెను. ఎవరైన చూచినచో మాత్రము కాకికి వేయుచున్నాననెడిది.

గవ్వకు బాతులు లేవు గనుక మమ్ములను కాచెడిది. సాయంకాలము బడి విడుచు వేళకు రావిచెట్టు క్రింద నిలిచి, మేము బయటికి రాగానే చుట్టు తిరిగి, అందరిని ఒక్క గుంపు చేసి, వెనుకబడినవాని పిక్కను మూతితో పొడిచి ఇల్లు చేర్చెడిది. మా కన్న చిన్నవాడైన తమ్మునకు దారిలో ఎక్కడను ఆగుటకు వీలులేకపోయెను. రేగుపండ్లు అమ్ము అవ్వకు ఇందువలన కొంత నష్టము కలిగెననుట నిజము.

మా వీధిలో మొదటి రేడియో మా యింటనే ఉండెను. ఆ రోజులలో రేడియోకు ఏటేట తపాలా కచేరిలో రుసుము చెల్లించి లైసెన్సు తీసికొనవలసి యుండెడిది. నాయనగారు ఆ చిన్న పుస్తకమును పెట్టెలో భద్రపరచెడివారు. ప్రాతఃకాలమున కేంద్రము వారి ఆరంభ సంగీతము వినబడగానే గవ్వ అరుగు క్రిందనుండి తన రాగమును కలిపెడిది. రేడియోకు కాగితమున్నది, దానితో పాడిన దానికి లేదు.

1971లో మా చదువులకని ఏలూరునకు కాపురము మారితిమి. మామ్మ, గవ్వ మాతోనే వచ్చిరి. అద్దె యిల్లు, నడుమ గోడ, యజమానురాలు ప్రేమతో పెంచుకొన్న మల్లెపాదులు. గవ్వ ఎండకు తాళలేక పాదు క్రింద గొయ్యి త్రవ్వెను. రాత్రి రైలు కూత వేసినపుడెల్ల బదులు పలికెను. ఏడు నెలలు మాటలు పడి, మరుసటి సంక్రాంతికి ఊరు వెళ్లినపుడు, పొలమున దిగిన బాతుల కాపరికి నాయనగారు గవ్వను అప్పగించిరి. అది దాని కులవృత్తియే గదా, సుఖపడునని మాకు చెప్పిరి. ఆ రాత్రి మామ్మ, "అది చేసిన తప్పేమిటిరా?" అని ఒక్క మాట అడిగెను. నాయనగారు లాంతరు వత్తి తగ్గించి పండుకొనిరి.

వేసవి సెలవులకు పోయినప్పుడు ప్రక్కయింటివారు చెప్పిరి. మేము బండి ఎక్కిన మూడవ దినమున గవ్వ మందను విడిచి వచ్చి, తాళము వేసియున్న మా యింటి అరుగు దగ్గర కూర్చుండెనట. అన్నము పెట్టినను మొదట ముట్టలేదట. బడి విడుచు వేళకు మాత్రము లేచి రావిచెట్టు వరకు పోయి వచ్చెడిదట. పదకొండు దినములకు కాపరి వెదకికొనుచు వచ్చి, మెడకు త్రాడు కట్టి తీసికొనిపోయెను. అరుగు ప్రక్కన అది త్రవ్విన గొయ్యిని మేము చూచితిమి. మామ్మ దానిని పూడ్చనీయలేదు. తొలకరి వానలకు అదియే పూడిపోయెను. మరుసటి యేడు వేరొక కాపరి వచ్చెను. అతడు ఎరుగడు.

సీజరు సంగతి త్వరగా చెప్పుదుము. మంచి కుక్క, సుఖముగా బ్రతికిన కుక్క. 1979లో విశాఖపట్టణమునుండి తెచ్చిన అల్సేషియన్. దానితో కూడ ఒక దళసరి కాగితము వచ్చినది. అందు దాని తండ్రి, తాత, ముత్తాతల పేర్లు వరుసగా ఉండెను. మా వంశవృక్షము మాకు అంతవరకు తెలియదు. దొంగలు దాని రూపము చూచియే దూరముగా పోయెడివారు. బల్లి కనబడినచో అది మా వెనుక దాగెడిది. 1990లో, పదకొండు సంవత్సరముల వయస్సున, మా పాదములమీద తల ఉంచి కన్ను మూసెను.

ఆ కాగితమును గూర్చి తరువాత కొంత చదివితిమి. అల్సేషియన్ యనునది జర్మనీ దేశపు గొర్రెల కాపరుల కుక్క. 1899లో స్టెఫానిట్జ్ అను సైనికాధికారి ఒక ప్రదర్శనములో గొర్రెలకుక్క నొకదానిని చూచి, ముచ్చటపడి కొని, హోరాండ్ అని పేరు మార్చి, ఆ జాతికొక సంఘమును స్థాపించి, వంశావళి గ్రంథమున దానిని మొదటిదిగా వ్రాయించెను. మొదటి ప్రపంచయుద్ధానంతరము జర్మనీ పేరు గిట్టక ఆంగ్లేయులు దానిని అల్సేషియన్ అనిరి. 1977లో గాని వారి సంఘము పాత పేరును తిరిగి అంగీకరింపలేదు. అనగా, సీజరు పూర్వులు గొర్రెలను కాచిరి. గవ్వ పూర్వులు బాతులను కాచిరి. ఒకరి పేర్లు వ్రాయు మనిషి దొరకెను.

మన దేశమునను పేరు నిలిచిన జాతులు లేకపోలేదు. కర్ణాటకమున ముధోల్ సంస్థానాధీశుల ఆదరమున పెరిగిన సన్నని వేటకుక్కలను 2016లో భారత సైన్యము మీరట్‌లో శిక్షణకు తీసికొన్నది. తమిళనాట రాజపాళయము కుక్క తెల్లని మేను, గులాబిరంగు ముక్కు గలది. ఆ పట్టణపు రాజులు మన తెలుగువారే. పూర్వము వలసపోయినవారు, నేటికిని ఇండ్లలో తెలుగు మాటలాడుదురు. ఈ జాతిలో కొన్ని పిల్లలు పుట్టుచెవుడుతో పుట్టును. తెలుపు కొరకే జత కూర్చుటచే వచ్చిన కీడు అది. కొనువారు పిల్ల వెనుక చప్పట్లు చరచి చూచుకొనుట మేలు. 2005 జనవరిలో తపాలా శాఖ నాలుగు దేశవాళి కుక్కలకు బిళ్లలు వేసినది: ముధోల్, రాజపాళయము, రాంపూర్, హిమాలయపు గొర్రెలకుక్క. మేము నాలుగును కొంటిమి. జోనంగి అందులో లేదు. సంస్థానముల వేటకుక్క తపాలాబిళ్ల మీదికి ఎక్కుట సులభము. బాతుల కుక్క మోకాలి లోతు బురదలో నుండెను, చూచినవారెవ్వరు?

ఇప్పుడు పట్టణములలో హస్కీలను, సెయింట్ బెర్నార్డులను పెంచువారిని చూచుచున్నాము. మంచుదేశముల ఉన్నికోటు తొడుక్కొని పుట్టిన జీవిని రోహిణీకార్తెలో బెజవాడ మేడమీద ఉంచుట ప్రేమ యనిపించుకొనదని మా అభిప్రాయము. ఎవరికైన కోపము వచ్చినచో క్షమింతురు గాక. ఏ జాతిని పెంచినను ఏటేట వెఱ్ఱికుక్క రోగమునకు టీకా వేయింపక మానరాదు. 1969లో మా తమ్ముని వీధికుక్క కరచినపుడు బొడ్డు చుట్టును 14 సూదులు పొడిచిరి. గొర్రె మెదడునుండి తయారుచేయు ఆ పాత మందు 2004తో మన దేశమున నిలిచిపోయినది. ఇప్పటి సూదులు కొద్ది, భుజమునకే వేయుదురు. కాని ఆ రోగము సోకి లక్షణములు పైబడిన పిమ్మట నేటికిని మనిషి బ్రతుకుట లేదనియే అనుకొనవలెను.

కొల్లేటిలో బాతుల మందలు ఇప్పుడు మిక్కిలి తక్కువ. 1980 తరువాత చేపల చెరువులు విరివిగా త్రవ్విరి. బాతులు మేయు పొలములు చెరువులాయెను. 1999లో కొల్లేటిని అభయారణ్యముగా ప్రకటించి, 2006లో అనేకములైన చెరువుగట్లను కొట్టివేసిరి. అభయము పక్షులకు దొరకినది. పని పోయిన జోనంగులను మాత్రము కాపరులు మేపలేక విడిచిపెట్టిరి. అవి గట్లవెంట తిరుగుచు ఊరకుక్కలలో కలసిపోయినవి.

గత కార్తికమున మేము కైకలూరు దిక్కుగా పోవుచు ఒక చెరువు గట్టున ఆగితిమి. కావలివాని గుడిసె ప్రక్కన గొయ్యి ఉన్నది. గొయ్యిలో గవ్వరంగు కుక్క యొకటి పండుకొని, తల ఎత్తి, నొసలు ముడిచి మా వంక చూచెను, మొరుగలేదు. ఇది ఏ జాతి యని అడుగగా, "ఊరకుక్కండి" అని అతడు నవ్వెను. ఈ తడవ మేము అడుగవలసినవన్నియు అడిగితిమి: దాని తల్లి ఎవరిది, ఏ గట్టున పుట్టినది, చేపలు పట్టునా, రాగము తీయునా యని. తల్లి తన మామగారిదనియు, ఆయన పూర్వము బాతులు కాచెననియు చెప్పెను. అవి అన్నియు మా డైరీలో వ్రాసికొంటిమి. దానికి పేరు పెట్టలేదట. అది చూలుతో ఉన్నది; పిల్లలు కన్ను తెరచిన పిమ్మట కబురు చేయుదునన్నాడు. మా యింటి మల్లెపాదులు ఈ మధ్యనే వేరొక చోటికి మార్చితిమి.