ఆలస్యంగా వచ్చినవాడి కోసం ఒక పాట



సిరివెన్నెల సీతారామశాస్త్రి గారి స్మృతిలో ప్రసంగం అనగానే ఆయన సినిమా పాటల గురించే ఉంటుందని మీరు అనుకుని ఉంటారు. ఆ పని నాకంటే బాగా చేయగలవాళ్ళు ఈ సభలోనే ఉన్నారు. నేను ఆయన రాసిన ఒక టీవీ పాటను పట్టుకుని, దాని పూర్వీకుల కథ చెబుదామని వచ్చాను. ‘అమృతం’ హాస్య ధారావాహికకు ఆయన రాసిన టైటిల్ సాంగ్ అది. ఇలాంటి పాటలు ఎందుకు పుట్టాయి? ఎందుకు కుదించుకుపోయాయి? సీరియల్‌లో ఏం జరిగిందో ఒక్క ముక్క గుర్తులేని మనిషి కూడా దాని టైటిల్ ట్యూన్ మాత్రం తడుముకోకుండా ఎలా కూనిరాగం తీస్తాడు? ఇవాళ నా ప్రసంగం ఇంతే.

కథ అమెరికాలో మొదలవుతుంది. 1951 అక్టోబరు 15న సీబీఎస్ చానల్‌లో ‘ఐ లవ్ లూసీ’ హాస్య ధారావాహిక వచ్చింది. ఆ పేరు చెప్పగానే పట్టుబట్ట మీద గుండె బొమ్మ, దాని మీద అక్షరాలు చాలామందికి గుర్తొస్తాయి. నిజానికి మొదటి టైటిల్ అది కాదు. కార్యక్రమానికి డబ్బు పెట్టింది ఫిలిప్ మోరిస్ సిగరెట్ కంపెనీ. అందుకని అసలు టైటిల్‌లో లూసీ, ఆమె భర్త పుల్లల బొమ్మలుగా మారి సిగరెట్ పెట్టెలతో ఆడుకుంటారు. పునఃప్రసారాల నాటికి ఆ ప్రకటనతో పని లేకపోయింది. దాన్ని తీసేస్తే పడిన కంతకు వేసిన మాసికే ఆ గుండె బొమ్మ. జనం దశాబ్దాలుగా మమకారంతో తలుచుకుంటున్నది ఆ మాసికనే.

ఇక బొమ్మ నుంచి పాటకు వద్దాం. 1964 సెప్టెంబరు 26న మొదలైన ‘గిలిగన్స్ ఐలాండ్’ దగ్గర కాసేపు ఆగుదాం. షికారుకు బయల్దేరిన చిన్న పడవ తుఫానులో చిక్కుకుంటుంది. ఏడుగురు ఊరూ పేరూ లేని దీవిలో పడతారు. నిర్మాత షెర్వుడ్ ష్వార్ట్జ్ ఈ కథ వినిపిస్తే సీబీఎస్ అధిపతి విలియం పేలీకి అనుమానం వచ్చింది. వీళ్ళు అక్కడికి ఎలా చేరారో చూసేవాళ్ళకు ప్రతివారం ఎలా తెలుస్తుంది? పాటలో చెప్పేస్తానన్నాడు ష్వార్ట్జ్. జార్జ్ వైల్‌తో కలిసి తనే పాట కట్టాడు. నిమిషం తిరిగేసరికి పడవ, తుఫాను, దీవి, మనుషులు అన్నీ అయిపోతాయి.

మొదటి ఏడాది టైటిల్‌ను ఒకసారి నిదానంగా చూడండి. నలుపు తెలుపు బొమ్మ. పడవ రేవు దాటుతుంటే వెనకాల జెండా సగానికి దించి ఉంటుంది. హవాయిలో పైలట్ ఎపిసోడ్ చిత్రీకరణ ముగింపుకొచ్చిన రోజుల్లోనే, 1963 నవంబరు 22న, అధ్యక్షుడు కెనెడీ హత్య జరిగింది. నవ్వించడానికి తీసిన షాట్‌లో దేశం సంతాపం కూడా పడిపోయింది. ఇంకో సంగతి. ఏడుగురిలో ప్రొఫెసర్, మేరీ ఆన్ పేర్లు ఆ పాటలో లేవు. ఇద్దరినీ కలిపి ‘తక్కినవాళ్ళు’ అని తేల్చేశారు. రెండో ఏడాదికి వాళ్ళ పేర్లూ ఎక్కాయి. గిలిగన్ వేషం వేసిన బాబ్ డెన్వర్ తోటి నటుల కోసం పట్టుబట్టడం వల్లే ఇది జరిగిందని చెబుతారు.

మరుసటి ఏడాది, అంటే 1965లో, ఎన్‌బీసీలో ‘మై మదర్ ద కార్’ అని ఒకటి వచ్చింది. చనిపోయిన తల్లి 1928 నాటి పాత కారుగా మళ్ళీ పుట్టి, రేడియోలోంచి కొడుకుతో మాట్లాడుతుంది. మనకైతే పునర్జన్మ గురించి ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. అమెరికన్లకు మాత్రం దానికీ ఒక పాట కావలసి వచ్చింది. 30 ఎపిసోడ్లతో ఆ సీరియల్ మూటాముల్లె సర్దుకుంది. దాన్నిప్పుడు తలుచుకునేవాళ్ళలో చాలామందికి గుర్తున్నది పాటే.

ఈ పాటలన్నీ ఎవరి కోసం? క్రితం వారం చూడనివాడి కోసం, ఆఫీసు నుంచి ఇప్పుడే వచ్చి చెప్పులు విప్పుతున్నవాడి కోసం, చుట్టపుచూపుగా వచ్చి ‘ఎవరమ్మా వీళ్ళంతా?’ అని అడిగే పెద్దమ్మ కోసం. కథ తెలియనివాళ్ళు కూడా ఆ గదిలో ఉంటారని నమ్మి, వాళ్ళ కోసం ప్రతివారం ఒక నిమిషం కేటాయించారు. తెలిసినవాళ్ళు ఆ నిమిషాన్ని ఓపిగ్గా విన్నారు. వినీ వినీ అది వాళ్ళ నోటికి వచ్చేసింది. మరపురాకపోవడానికి అంతకు మించిన రహస్యం లేదని నా అభిప్రాయం. ఒక ఎపిసోడ్ ఒక్కసారి చూస్తాం, టైటిల్ ప్రతిసారీ చూస్తాం.

1970లో ‘ద మేరీ టైలర్ మూర్ షో’ ఈ పద్ధతిని కొంచెం మార్చింది. సోనీ కర్టిస్ పాటలో కథ లేదు, మనిషి ఉంది. ఒంటరిగా కొత్త ఊరికి వచ్చిన ఆడపిల్ల మినియాపోలిస్ నడివీధిలో టోపీ పైకెగరేస్తుంది. బొమ్మ అక్కడే ఆగిపోతుంది. మొదటి ఏడాది పాట ఈ పిల్ల నెగ్గుకు రాగలదా అని సందేహించింది. రెండో ఏడాది నుంచి ఇక ఫర్వాలేదని ధైర్యం చెప్పింది. పాత్ర ఎదిగితే టైటిల్ కూడా ఎదిగిందన్నమాట.

తర్వాత రిమోట్ వచ్చింది, చానళ్ళు పెరిగాయి, ప్రకటనలు అరగంటలో మరిన్ని నిమిషాలు మింగాయి. నిమిషం పాట పెడితే ఈలోగా చూసేవాడు వేరే చానల్‌కు పోతాడని భయం పట్టుకుంది. 1993లో వచ్చిన ‘ఫ్రేజియర్’కు టైటిల్ కొన్ని సెకన్లే. పాటను చివరికి నెట్టారు. 1994లో ఏబీసీ టైటిల్ పాటలకు మంగళం పాడాలని సంకల్పించింది. అదే ఏడాది ఎన్‌బీసీలో ‘ఫ్రెండ్స్’ ఫౌంటెన్ దగ్గర పాటా చప్పట్లూ పెట్టి ప్రపంచమంతా చప్పట్లు కొట్టించింది. అయినా ప్రవాహం ఆగలేదు. 2017లో నెట్‌ఫ్లిక్స్ టైటిల్ దాటవేసే మీట పెట్టింది. దాన్ని రోజుకు 13 కోట్ల 60 లక్షల సార్లు నొక్కుతున్నారని 2022లో ఆ సంస్థే ప్రకటించింది. ఒక్కడే కూర్చుని, ఒకే రాత్రి ఆరు ఎపిసోడ్లు చూసేవాడికి కథ మళ్ళీ చెప్పడం దేనికి? అతని గదిలోకి ఆలస్యంగా వచ్చేవాడెవరూ లేడు.

ఇక మన సంగతి. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం మొదలైనా, జాతీయ కార్యక్రమంలో వచ్చిన హాస్యమంతా హిందీలోనే. 1984లో ‘యే జో హై జిందగీ’ వచ్చినప్పుడు సంభాషణలు సగం అర్థంకాని తెలుగు ఇళ్ళలోనూ దాని టైటిల్ పాటలో కిశోర్ కుమార్ గొంతు మాత్రం అందరికీ అర్థమైంది. వీధికి ఒకటో రెండో టీవీలున్న రోజులు కదా, ఆ పాట వినపడితే పొరుగింటి పిల్లలు గుమ్మంలో ఉండేవాళ్ళు.

2001లో జెమినీ టీవీలో గుణ్ణం గంగరాజు గారి ‘అమృతం’ మొదలైంది. బాణీ, గొంతు కళ్యాణి మాలిక్‌వి. మాటలు శాస్త్రి గారివి. కథానాయకుడు అమృతరావు ఎవరో, అతని హోటల్ అమృత విలాస్ ఏమిటో ఆ పాట చెప్పదు. చిన్న చిన్న చికాకులకు బెంబేలుపడకని అతని మిత్రుడు ఆంజనేయులుకి ధైర్యం చెబుతుంది. సినిమాల్లో తత్వం పలికించిన కలం, హోటల్ నడపలేక సతమతమయ్యే ఇద్దరు అమాయకుల కోసం అదే తత్వాన్ని అరటిపండు ఒలిచినట్టు చెప్పింది. ఆరేళ్ళలో అమృతరావు వేషం శివాజీరాజా నుంచి నరేష్‌కు, ఆయన నుంచి హర్షవర్ధన్‌కు వెళ్ళింది. మొహం మారినప్పుడల్లా ఇది మన ‘అమృతమే’నని ఇంటిల్లిపాదికీ భరోసా ఇచ్చింది పాటే.

చివరగా ఒక విన్నపం. పాత సీరియళ్ళ టేపులు ఇళ్ళల్లో, స్టూడియో గదుల్లో ఇంకా ఉన్నాయి. వాటిని డిజిటల్ చేసేవాళ్ళు నిడివి తగ్గించడానికి ముందుగా కోసేది టైటిళ్ళనే. దయచేసి కోయకండి. రచయిత, కెమెరామన్, మేకప్ కళాకారుడు, కోరస్ పాడిన అమ్మాయి, టైటిళ్ళలో పడే వీళ్ళ పేర్లు చాలాసార్లు ఇంకెక్కడా దొరకవు. ప్రొఫెసర్, మేరీ ఆన్‌ల కోసం పట్టుబట్టడానికి ఒక గిలిగన్ ఉన్నాడు. మనవాళ్ళ కోసం పట్టుబట్టాల్సింది మనమే.