ఆకాశమునుండి క్షిపణులను చూచుట

చీకటిలో త్రాడును చూచి పామని భ్రమించుట మన వేదాంతులు తరచు చెప్పెడి దృష్టాంతము. రాజ్యముల మధ్యకూడ ఇట్టి భ్రాంతి కలుగుచుండును. ఎదుటి రాజ్యము ఏమి దాచుచున్నదో తెలియనపుడు భయము దానంతట అదే పెరుగును.

1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్కును ప్రయోగించిన పిమ్మట, ఆ దేశము క్షిపణులలో తమను మించిపోయినదని అమెరికాలో గొప్ప కలవరము పుట్టినది. 1960 ఆగస్టులో 'కరోనా' అను రహస్య ఉపగ్రహ పథకము తొలిసారిగ ఫలించినది. ఉపగ్రహము తీసిన ఫిల్మును ఒక పేటికలో క్రిందికి విడువగా, పారాచూటుతో దిగుచున్న ఆ పేటికను పసిఫిక్ మహాసముద్రముపై ఒక విమానము కొక్కెములతో అందుకొన్నది. అంతకు పూర్వము యు-2 విమానములన్నియు కలిసి చూపిన సోవియట్ భూభాగముకంటె ఎక్కువ భాగము ఆ ఒక్క ఫిల్ములో కానవచ్చినది. సోవియట్ ఖండాంతర క్షిపణుల ప్రయోగ స్థానములు 50 నుండి 100 వరకు ఉండునని 1961 జూన్‌లో అంచనా కట్టిన అమెరికా గూఢచార శాఖలు, సెప్టెంబరులో ఆ సంఖ్యను 10 నుండి 25కు దించినవి. పాము త్రాడైనది.

దాచిన దానిని పైనుండి గుర్తించుట ఎట్లు? క్షిపణిని దాచవచ్చునుగాని, దానికి కావలసిన బాటలను, కంచెలను, త్రవ్విపోసిన మట్టిని దాచుట కష్టము. పొడవైన బండ్లు తిరుగుటకు బాటల మలుపులు విశాలముగ నుండవలెను. నీడ కొలిచినచో కట్టడము ఎత్తు తెలియును. ఒకే చోటును వేర్వేరు కాలములలో తీసిన చిత్రములను సరిపోల్చినచో, క్రొత్తగా వచ్చినదేదో బయటపడును.

ఈ పని నేడు ప్రభుత్వములదే కాదు. 2021లో జెఫ్రీ లూయిస్, డెకర్ ఎవెలెత్ అను అమెరికా పరిశోధకులు, వాణిజ్య సంస్థల ఉపగ్రహ చిత్రములతోనే, చైనాలోని గాన్సు రాష్ట్రమున యూమెన్ సమీపపు ఎడారిలో దాదాపు 120 సైలోల నిర్మాణమును కనుగొన్నారు. సైలో అనగా క్షిపణిని నిలువుగా నిలుపు లోతైన బావి. ఇవి సుమారు మూడేసి కిలోమీటర్ల దూరమున, చదరంగపు గళ్ళవలె అమరియున్నవి. త్రవ్వకము కనబడకుండ కొన్నింటిపై గుమ్మటములవంటి కప్పులు వేసినారు. జిలాన్‌తాయ్ శిక్షణ స్థలమున అట్టి కప్పులను పరిశోధకులు అదివరకే చూచియున్నందున, దాచుటకు వేసిన కప్పులే గుట్టు బయటపెట్టినవి! కొద్ది వారములకే మాట్ కోర్డా అను మరియొక పరిశోధకుడు హామీ వద్ద రెండవ క్షేత్రమును గుర్తించినాడు.

అయినను చిత్రము చెప్పునది కొంతవరకే. బావి కనబడును, అందులో క్షిపణి కలదో లేదో కనబడదు. వెనుక అమెరికాయే 200 క్షిపణులను 4,600 స్థావరములలో మార్చి మార్చి దాచవలెనని యోచించి, 1981లో ఆ యోచన విడిచినది. కావున బావులను లెక్కించి క్షిపణులను లెక్కించితిమనుకొనుట తొందరపాటు.

మేము ఈ విషయమును శ్రోతల ముందుంచుటకు కారణము కలదు. 1972లో అమెరికా, సోవియట్ యూనియన్ తమ ఆయుధ ఒడంబడికలలో, పరస్పరము ఉపగ్రహముల పరిశీలనకు అడ్డుపడరాదనియు, దానిని భంగపరచుటకై బుద్ధిపూర్వకముగ దాచరాదనియు అంగీకరించినవి. బద్ధవైరులుకూడ ఒకరినొకరు చూడనిచ్చుటే తమకు క్షేమమని గ్రహించిరన్నమాట. దీపము వెలిగించినపుడు కనబడునది త్రాడే కావచ్చును, పామే కావచ్చును. ఏదైనను, ఉన్నంతమాత్రమే చెప్పుట దీపము పట్టినవాని ధర్మము.