ఒక్కొక్క గొంతు వినుడు

ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయుడనుగా, పిమ్మట శిక్షణ కళాశాలలో అధ్యాపకుడనుగా జీవితము గడపిన నాకు నేటికిని తీరని బెంగ యొక్కటి కలదు. ఉపాధ్యాయులు కాబోవు పట్టభద్రులారా, దానినే మీ ముందుంచెదను.

నలుబదిమంది పిల్లలు ఏకకంఠముతో "క, కా, కి, కీ" యని మిన్నుముట్ట చదువుచుండ, తనిఖీకి వచ్చిన అధికారి తలయూపి, పుస్తకమున సంతకము చేసి వెడలుట పలుమారులు చూచితిని. అట్టి తరగతిలోనే, అందరికంటె బిగ్గరగా అరచిన బాలుని చేరబిలిచి, నల్లబల్లపై "కు" మాత్రమే వ్రాసి ఇదేమని అడుగగా, వాడు కనులు మూసికొని, మొదటినుండి రాగమెత్తి, వ్రేళ్లు మడచుచు "కు" కడకు వచ్చి ఆగెను. గుణింతము వానికి కంఠస్థమే. అక్షరముతో ముఖపరిచయము లేదు.

లెక్కలయందును ఇంతే. ఎక్కములు గడగడ అప్పజెప్పు బాలిక 52 లోనుండి 27 తీసివేయుమనగా 35 అని వ్రాయును; రెండులో ఏడు పోదు గనుక ఏడులో రెండు తీసినది. ఎఱ్ఱసిరాతో అడ్డగీత గీయుటకు క్షణము చాలును; ఆ గీతవలన ఆమె నేర్చునది శూన్యము. "ఎట్లు చేసితివమ్మా?" యని అడిగి, చీపురుపుల్లలను పదేసి చొప్పున కట్టలు గట్టించి, ఐదు కట్టలును రెండు విడిపుల్లలును చేతికిచ్చి, అందులోనుండి ఏడు పుల్లలిమ్మనుడు, కట్ట విప్పక తప్పదని ఆమెకే తోచును. నూట ఐదును 1005 అని వ్రాయు పిల్లవాడును మందమతి గాడు. విన్నది విన్నట్లు నూరు వ్రాసి, ప్రక్కన ఐదు చేర్చినాడు.

మూడవ తరగతి ముగియునప్పటికి ప్రతి బిడ్డకును చదువు, లెక్క పట్టుబడవలెనని, 2026-27 నాటికి ఇది సాధింపవలెనని కేంద్రప్రభుత్వము 2021లో నిపుణ్ భారత్ అను కార్యక్రమమును ఆరంభించినది. లక్ష్యము ఉత్తమమే. పట్టికలలో టిక్కులు పెట్టుటయందు మీరు నిపుణులగుదురేమో యనియే నా భయము. నాయనలారా, బోధనాభ్యాసమునకు వచ్చిన పరీక్షాధికారి గుమ్మము దాటగానే మీరు చేసిన రంగుల చార్టులను బీరువాలో పెట్టి తాళము వేయు తెలివి మీకెవరు నేర్పిరి? పిల్లల చేతులు తగిలి మాసిపోవునని దిగులా? మాసిపోనిండు, మరల అతికింతురుగాక!

విద్యాహక్కు చట్టము ప్రాథమిక బడిలో 30 మందికొక ఉపాధ్యాయుడుండవలెనన్నది. అట్టి తరగతిలో సోమవారమునుండి, వెనుక వరుసతో మొదలిడి దినమునకు ఐదుగురిచేత విడివిడిగా చదివించుడు, ఒక్కొక్క లెక్క నోటితో చెప్పించుడు. శనివారము బడి విడుచునప్పటికి తరగతి యంతయు పూర్తియగును.