లోహాన్ని ఎముక ఎలా దగ్గరకు తీసుకుంటుంది?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు నాకు పదిహేను నిమిషాలు ఇచ్చి, "నీ పని గురించి చెప్పు, కానీ అందరికీ అర్థమయ్యేలా చెప్పు" అన్నారు. నా పని లోహాల పైపొర మీద. శరీరంలో అమర్చే టైటానియం భాగాలను ఎముక తనలో కలుపుకునేలా వాటి ఉపరితలాన్ని సిద్ధం చేస్తాం. పొద్దున టీ దగ్గర విన్న కబుర్లలో సగం మోకాళ్ల గురించి, మిగతా సగం పళ్ల గురించి. కాబట్టి ఈ విషయం మనలో ఎవరికీ దూరం కాదనుకుంటాను.

ముందుగా ఒక మాట. ఎముకకు లోపలి లోహంతో పరిచయం ఉండదు. దానికి తగిలేది పైపొర ఒక్కటే. టైటానియానికి గాలి తగిలిన క్షణంలోనే దాని మీద ఆక్సైడు పొర ఏర్పడుతుంది. దాని మందం కొన్ని నానోమీటర్లు, అంటే తలవెంట్రుక మందంలో పదివేలో వంతు కూడా ఉండదు. రసాయన శాస్త్రం చెప్పిన మాస్టార్లు ముందు వరసలో ఉన్నారు, తప్పుంటే దిద్దాలి. ఇనుము తుప్పు పొరలు పొరలుగా రాలిపోతుంది. టైటానియం "తుప్పు" మాత్రం లోహాన్ని గట్టిగా పట్టుకుని ఉంటుంది, గీత పడినా వెంటనే మళ్లీ కట్టుకుంటుంది. ఒంట్లోని ఉప్పునీటిలో ఆ లోహం ఏళ్ల తరబడి చెక్కుచెదరకుండా ఉండటానికి కారణం అదే.

ఎముక దాన్ని నేరుగా పట్టుకుంటుందన్న సంగతి బయటపడింది స్వీడన్‌లో. 1950ల మొదట్లో పెర్-ఇంగ్వార్ బ్రోనెమార్క్ అనే వైద్య పరిశోధకుడు ఎముకలో రక్తప్రసారం చూడటానికి కుందేలు కాలిలో టైటానియంతో చేసిన చిన్న పరికరం అమర్చాడు. పని అయ్యాక తీయబోతే రాలేదు. ఎముక దానికి అతుక్కుపోయింది. ఇంకొకరైతే పరికరం పాడైందని విసుక్కునేవారు. ఆయన ఆ అతుకు మీదే పడ్డాడు. 1965లో గోథెన్‌బర్గ్‌లో మొదటి రోగి దవడలో టైటానియం మరలు బిగించి, వాటి మీద పళ్లు నిలబెట్టాడు. ఆ రోగి 2006లో చనిపోయే వరకూ, అంటే నలభై ఏళ్లకు పైగా, అవి పనిచేశాయి. లోహం చుట్టూ ఎప్పుడూ పీచులాంటి పొరే కడుతుందని నమ్మిన దంత వైద్య లోకం ఆయన మాట వినడానికి చాలా ఏళ్లు పట్టింది.

బ్రోనెమార్క్ మరలు లేతు మీద తీసిన మామూలు నున్నటి మరలు. అందుకే కింది దవడలో మూడు నాలుగు నెలలు, పై దవడలో ఆరు నెలలు వాటి మీద బరువు పెట్టకుండా ఆగేవారు. ఆ నిరీక్షణ తగ్గించే ప్రయత్నంలోనే మా రంగం పెరిగింది.

మేస్త్రి నున్నటి కాంక్రీటు స్తంభానికి ప్లాస్టరింగ్ చేసే ముందు ఉలితో గంట్లు కొట్టడం మీరు చూసే ఉంటారు. మేమూ అదే చేస్తాం, కొలత మాత్రం చాలా చిన్నది. అల్యూమినియం ఆక్సైడు రవ్వను గాలి ఒత్తిడితో మర మీదికి కొడతాం. దాంతో పదుల మైక్రాన్ల గుంటలు పడతాయి. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తరువాత వేడి ఆమ్లాల మిశ్రమంలో ముంచుతాం. ఆ గుంటల లోపల రెండు మూడు మైక్రాన్ల చిన్న గుంటలు వస్తాయి, ఇరుక్కున్న రవ్వ కూడా చాలావరకు పోతుంది. ఈ తరహా ఉపరితలం వచ్చాక తగిన రోగుల్లో నిరీక్షణ ఆరు వారాల దాకా దిగింది.

గరుకుతనం ఎందుకు పనిచేస్తుందో చెబుతాను. మర బిగించగానే రక్తం దాన్ని తడిపి గడ్డకడుతుంది. ఆ గడ్డలో సన్నటి ఫైబ్రిన్ దారాలుంటాయి. ఎముక కట్టే కణాలు ఆ దారాలు పట్టుకుని లోహం వైపు పాకుతూ వస్తాయి. ఉపరితలం నున్నగా ఉంటే ఆ లాగుడుకు దారం ఊడుతుంది, కణం దారిలోనే ఆగిపోతుంది. గరుకుగా ఉంటే దారం నిలుస్తుంది, కణం లోహం దాకా వచ్చి దాని మీదే ఎముక కడుతుంది. అలాగని ఎంత గరుకైతే అంత మంచిదని కాదు. సగటున ఒకటి రెండు మైక్రాన్లు బాగుంటుంది. అది దాటితే బాక్టీరియాకు కూడా వసతి ఏర్పాటు చేసినట్టే.

తుంటి కీలు పెద్దది, బరువు మోసేది. అక్కడ లోహం మీద సన్నటి పూసలను వేడితో అతికించి, నూరు నుంచి నాలుగు వందల మైక్రాన్ల ఖాళీలు ఉంచుతారు. ఎముక వాటిలోకి పెరుగుతుంది. కానీ మొదటి వారాల్లో కీలు దాదాపు నూట యాభై మైక్రాన్లకు మించి కదిలితే ఎముకకు బదులు పీచు పొరే వస్తుంది. అందుకే సర్జన్ బిగువుగా అమర్చడం మా పైపొరకన్నా ముఖ్యం. ఈ మాట మావాళ్లు సాధారణంగా చెప్పరు.

ఇంకో దారి, ఎముకలోని ఖనిజానికి దగ్గరి పదార్థమైన హైడ్రాక్సీ ఎపటైట్‌ను పూయడం. తుంటి కీళ్లకు ఇది 1980ల మధ్యలో మొదలైంది. పదివేల డిగ్రీలు దాటే ప్లాస్మా మంటలో పొడిని కరిగించి చిమ్ముతారు. అంత వేడికి పొడి స్వభావం కొంత మారుతుంది. మారిన భాగం ఒంట్లో త్వరగా కరుగుతుంది. పూత మరీ మందమైతే, దుమ్ము తుడవని గోడ మీద రంగులా పెచ్చులూడుతుంది. ఇక్కడే నాకు జపాన్ పద్ధతి నచ్చుతుంది. క్యోటోలో కొకుబో బృందం టైటానియాన్ని 60 డిగ్రీల కాస్టిక్ సోడా ద్రావణంలో ఒక రోజు ఉంచి, తర్వాత 600 డిగ్రీల్లో వేడి చేసింది. పూత ఏమీ లేదు. ఒంట్లోకి వెళ్లాక రక్తంలోని కాల్షియం, ఫాస్ఫేటు ఆ ఉపరితలం మీద తామే పేరుకుంటాయి. 2007 నుంచి అక్కడి తుంటి కీళ్లకు దీన్ని వాడుతున్నారు.

ఇంత చేసీ, కోత నూనె సరిగ్గా కడగకపోయినా, ఎవరైనా వట్టి చేత్తో ముట్టుకున్నా శ్రమంతా వృథా. మేం నీటిబొట్టు వేసి చూస్తాం. పరుచుకుంటే మంచిది. తామరాకు మీద బొట్టులా నిలిస్తే ఆ బ్యాచి పక్కకు వెళ్తుంది. ఈ కడుగుడు గది గురించి ఏ కంపెనీ ప్రకటనా మాట్లాడదు.

ప్రకటనలంటే గుర్తొచ్చింది. మా బంధువుల్లో ఒక పెద్దావిడకు మోకాలి మార్పిడి అన్నారు. "గోల్డ్ మోకాలు వేయిస్తే ఎముక బాగా పట్టుకుంటుంది" అని చెప్పి అదనంగా డబ్బు అడిగారట. అది ఏ ఆసుపత్రి అన్నది అనవసరం. ఆ పూతలో బంగారం లేదు. ఎక్కువగా వాడేది టైటానియం నైట్రైడు, డ్రిల్లు బిట్ల మీద కనిపించే పసుపు పూత. నికెల్ లాంటి లోహాలు పడనివారికి దానితో కొంత ఉపయోగం ఉండవచ్చు. ఎముక పట్టుకోవడానికీ దానికీ సంబంధం లేదు. పైగా మోకాళ్లలో ఎక్కువ భాగం బోన్ సిమెంటుతో అతికించేవే. అక్కడ ఎముకకు తగిలేది సిమెంటు.

కాబట్టి ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అంటే డాక్టరు గారిని మూడు అడగండి: సిమెంటుతోనా, లేకుండానా? లేకుండా అయితే ఎముకకు తగిలే చోట ఉపరితలం ఏమిటి? మీరు ఎంచుకున్న పూత దేనికోసం? ఇంప్లాంటు పెట్టె మీది స్టిక్కరు, బ్యాచి నంబరుతో సహా, మీ కాగితాల్లో పెట్టించుకోండి. 2017 ఆగస్టులో కేంద్రం మోకాలి ఇంప్లాంట్ల ధరలకు పరిమితి పెట్టింది కాబట్టి బిల్లులో దాని ధర విడిగా అడిగి చూడండి. పన్ను ఇంప్లాంటు అయితే షుగరు అదుపులో పెట్టుకోండి, సిగరెట్ మానండి. ఈ రెండూ చెయ్యని మేలు నా పైపొర ఏదీ చెయ్యలేదు.

మన శ్రీకాకుళం తీరపు ఇసుకలో టైటానియం ఖనిజం ఇల్మనైట్ ఉంది. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో లోహ పరిశోధన చేసే డీఎంఆర్‌ఎల్, టైటానియం మిశ్రమాలు తయారుచేసే మిధాని ఉన్నాయి. రసాయన శాస్త్రం చదివే మన పిల్లలు పైపొర రంగం వైపు కూడా ఒకసారి చూస్తే బాగుండును.

బయట బల్ల మీద మూడు మరలు పెట్టాను. ఒకటి నున్నది, ఒకటి గరుకుది. మూడోది విద్యుత్తుతో ఆక్సైడు పొర పెంచినది. అది నీలంగా కనిపిస్తుంది గానీ రంగు వేయలేదు, వాన నీటి మీద కిరోసిన్ మెరుపు లాంటిదే. అందరూ చేతిలోకి తీసుకుని చూడండి. వేళ్లకు బజ్జీల నూనె ఉన్నా ఫరవాలేదు, అవి ఇక ఎవరి ఎముకలోకీ వెళ్లవు.